నిస్తంత్రీ యంత్రమునకు మేత



మన గ్రామములందలి చదువుకొన్న యువకులు కొందఱు వేడుకకొఱకు చిన్న విద్యుత్పరికరములను స్వయముగా కూర్చుకొనుచున్నారు. చేనిలోని తేమను కనిపెట్టి, ఆ వార్తను తీగ లేకుండ ఇంటికి బంపు పరికరము వానిలో నొకటి. ఇందులకు ఎన్‌ఆర్‌ఎఫ్‌24ఎల్‌01 అను చౌక మాడ్యూలును పలువురు వాడుదురు. దానిని కొనుటయందు చూపు శ్రద్ధలో నాలుగవపాలైనను దానికి విద్యుత్తు నిచ్చుటయందు వారు చూపుట లేదని నా యభిప్రాయము.

గత సంవత్సరము ఒక యువకుడు తన మిరపచేనిలో నిట్టి పరికరమును నిలిపెను. తొలినాడు వార్తలు చక్కగా వచ్చినవి. మూడవనాటికి యంత్రము మూగవోయెను. చౌక సరకు ఇంతేయని పెద్దలు నవ్విరి. అతడు చిన్నబోయి దానిని అటకపై బడవైచెను. నేను దానిని దెప్పించి పరీక్షింపగా మాడ్యూలు నిర్దుష్టముగనే యున్నది; బ్యాటరీలు మాత్రము వట్టిపోయినవి.

లెక్క చూడుడు. ఈ మాడ్యూలు వార్త పంపునపుడు సుమారు 11 మిల్లీయాంపియర్లు మాత్రమే గ్రహించును. వినుచు గూర్చుండిన 13 దాక గ్రహించును. నిద్రపుచ్చితిమా, 1 మైక్రోయాంపియరైనను గోరదు. కాని దానిని నడపు ఆర్డుయినో ఊనో పలక, పని యున్నను లేకున్నను, రేయింబవళ్లు సుమారు 45 మిల్లీయాంపియర్లు మ్రింగుచుండును. 2000 మిల్లీయాంపియర్-గంటల ఏఏ బ్యాటరీలు దానికి రెండు దినములైనను చాలవు. 9 వోల్టుల బ్యాటరీ పెట్టిన మేలని కొందఱందురు. అది పొరపాటు. దాని నిలువ సుమారు 500 మాత్రమే. ఒక్క పూటతో సరి.

కావున పలకను విడిచి, ఏటీమెగా328పీ చిప్పును మాత్రము తక్కువ వేగమున నడుపవలెను. వార్తకు వార్తకు నడుమ చిప్పును, మాడ్యూలును నిద్రపుచ్చవలెను; తేమ కొలుచు సాధనమునకు కొలుచునపుడే విద్యుత్తు నీయవలెను. అట్లయిన రెండు ఏఏ బ్యాటరీలు నెలల తరబడి వచ్చును. రెండును గలసి 3 వోల్టులు. మాడ్యూలునకు వలసినది 1.9 మొదలు 3.6 వఱకే. 5 వోల్టు లిచ్చిన మాడ్యూలు చెడును.

మఱియొక సంగతి. చెఱువు నిండియున్నను కాలువ సన్ననిదైన, ఒక్కసారి మడి తడుపుటకు నీరందదు. మాడ్యూలు పలుకబోవునపుడు విద్యుత్తున కిట్టి యిబ్బందియే కలుగును. చేని చివర చిన్న గుంట త్రవ్వినట్లు, మాడ్యూలు కాళ్లచెంతనే 10 మైక్రోఫారడుల కెపాసిటరు నొకదానిని, ధన ఋణముల దిక్కు తప్పక, అతికింపవలెను. నిష్కారణముగ వార్తలు తప్పిపోవుట తఱచు దీనితో మానును.

మన సంఘమువారి కొక మనవి. క్రొత్త యంత్రములు తెప్పించుటకు ముందు ఒక మల్టీమీటరు గొని, యువకులకు ఎరవిచ్చుట మేలు. బ్యాటరీని ఊరకుండగా గాక, యంత్రము పనిచేయుచుండగా కొలుచుట వారికి నేర్పవలెను. మేత వేయక ఎద్దును నిందించు రైతు మనలో లేడు. యంత్రము విషయమునను అట్లే యుందము. అటకపై నున్న ఆ పరికరము మరల చేనికి వచ్చినచో, దానితోబాటు ఆ యువకుని యుత్సాహమును మరల వచ్చును.