మన పిల్లల చేతికి చీపురు కాదు, కొలబద్ద

బడి టైంటేబుల్లో 'పని విద్య' అని ఒక పీరియడ్ ఉంటుంది. చాలా బళ్లల్లో ఆ పీరియడ్లో ఏం జరుగుతా ఉందో మన వాడల్లో తల్లులందరికీ తెలుసు. ఒక బిడ్డ వరండా ఊడుస్తాది. ఒక పిల్లోడు గడ్డి పీకుతాడు. ఇంకొకడు మరుగుదొడ్డిలో నీళ్లు కొడతాడు. ఎవరి బిడ్డ చీపురు పడతా ఉందో, ఎవరి బిడ్డ అయ్యోరి కుర్చీ పక్కన నిలబడి హాజరు పట్టీ మోస్తా ఉందో ఒక్కసారి బడికి పోయి చూడండి. పని విద్య ఎవరికి పనో, ఎవరికి విద్యో అక్కడే తేలిపోతాది.

పనిని పాఠంగా చెప్పడం అంటే ఇది కాదు. ఇంగ్లండులో 1990 నుంచి అయిదేళ్ల పసివాళ్లకు కూడా 'డిజైన్ అండ్ టెక్నాలజీ' అని ఒక సబ్జెక్టు పెట్టారు. చదవడం, లెక్కలు ఎట్లా తప్పనిసరో అదీ అట్లాగే. అందులో ఏం నేర్పుతారు? ఒక అవసరాన్ని చూడటం, ఆలోచించి బొమ్మ గీయడం, కొలతలు వేయడం, చేతిలో ఉన్న వస్తువులతో తయారు చేయడం, అది పనిచేస్తుందో లేదో పరీక్షించడం, పనిచేయకపోతే ఎందుకని వెతికి మళ్లీ చేయడం. అంతే. బొంబాయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం వాళ్లు మన దేశపు పిల్లలతోనే ఈ ప్రయోగం చేశారు. సంచి కుట్టడం, గాలిమర నమూనా కట్టడం, తోలుబొమ్మలాంటి ఆడే బొమ్మలు చేయడం పాఠాలుగా మలిచారు. ముందు గీత, తర్వాత కోత. అదీ పద్ధతి.

మన ప్రభుత్వాలు కూడా ఈ మాట మాట్లాడుతున్నాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల దాకా ఇస్తారు. అవి ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివే పిల్లలకు. 2020 జాతీయ విద్యా విధానం బ్యాగు లేని పది రోజులు పెట్టి వడ్రంగి దగ్గరికీ, కుమ్మరి దగ్గరికీ పిల్లల్ని పంపమంది. అవీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకే. మరి మన కాలనీల్లో ఒకరిద్దరు టీచర్లతో నడిచే ప్రాథమిక బడి సంగతేంది? అక్కడ చీపురే ల్యాబు.

ఇక్కడ మన సంఘాల్లో కొందరు అన్నలు ఒక అనుమానం అడుగుతారు. "మళ్లీ చేతిపని అంటారా? మన పిల్లలు చెప్పులు కుట్టింది చాలదా? ఇంగ్లీషు, లెక్కలు చెప్పండి, చాలు" అంటారు. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. దీనికి చరిత్ర ఉంది.

1937లో వార్ధాలో గాంధీ పెట్టిన విద్యా పథకంలో చేతివృత్తే చదువుకు కేంద్రం. పిల్లలు వడికిన నూలు, చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు రాబట్టుకోవాలన్నారు. బడి ఖర్చు పిల్లల చెమటతో తీర్చే ఈ లెక్క పేదోడి బిడ్డకే బరువు. 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ ఇంకో మెట్టు దిగాడు. పల్లె బళ్లల్లో చదువును రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోమన్నాడు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన గూడూరు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. ఇంటి వృత్తి అంటే ఏంది? పంతులు బిడ్డకు పుస్తకం, మాదిగ బిడ్డకు తోలు, చాకలి బిడ్డకు బండ. పెరియార్, ద్రవిడ ఉద్యమం దానికి 'కుల విద్య' అని పేరు పెట్టి ఊరూరా ఎదిరించారు. 1954లో రాజాజీ గద్దె దిగాడు. కామరాజ్ రాగానే ఆ పథకాన్ని ఎత్తేశాడు. ఆ పోరాటం మన పోరాటమే. అది గెలవకపోతే ఈ సంపాదకీయం రాసేవాడు కూడా ఏ గట్టు మీదో గొడ్లు కాస్తా ఉండేవాడు.

అయితే ఒక్క మాట ఆలోచించాలి. మనం ఎదిరించింది పనినా? పుట్టుకతో పనిని అంటగట్టడాన్నా? 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఎక్కుపెట్టింది ఈ అంటగట్టడం మీదే. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే పన్నెండేళ్ల దాకా నిర్బంధ ప్రాథమిక విద్య కావాలన్నాడు. ఆ చదువులో వ్యవసాయ జ్ఞానం కూడా ఉండాలన్నాడు. పనిలో ఉన్న జ్ఞానం కావాలి, పని పేరుతో వేసే సంకెళ్లు వద్దు. కుల విద్యకూ, మనం అడిగే తయారీ విద్యకూ తేడా ఇదే. కుల విద్యలో మాదిగ బిడ్డ ఒక్కడే తోలు పడతాడు. తయారీ విద్యలో ఊరి మోతుబరి కొడుకు కూడా తోలు పడతాడు, మాదిగ బిడ్డ కరెంటు వైరు కూడా పడతాడు. కుల విద్యలో 'ఎట్లా చేయాలి' తోనే ఆపేస్తారు. తయారీ విద్యలో 'ఎందుకు అట్లా చేయాలి' అని అడుగుతారు.

ఆ 'ఎందుకు' మన వాడల్లో ఎంత దాగుందో చూడండి. లందలో పచ్చితోలును ముందు సున్నంలో ఎందుకు నానబెట్టారు? వెంట్రుక వదులై ఊడి రావడానికి. తంగేడు చెక్క నీళ్లలో ఎందుకు వేశారు? ఆ చెక్కలోని వగరు తోలుకు పట్టి అది కుళ్లకుండా ఆపడానికి. ఇది రసాయన శాస్త్రం. గూడూరు జంక్షన్లో రైలెక్కి మద్రాసు పోతే అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఉంది. తోళ్ల మీద బి.టెక్. చదువులు ఉన్నాయి. లందలో చేస్తే అంటు, అడయారులో చేస్తే ఇంజినీరింగు!

పలక కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాస్తారు? తోల్లో తడి ఆరి బిగుసుకుంటే మోత పైకి లేస్తాది. వానలో పలక ఎందుకు మూగబోతాదో మూడో తరగతి పిల్ల కూడా చెప్పగలదు, అడిగే అయ్యోరు ఉంటే. కుండలో గడ్డి రాజేసి, పొగ ఊది, కలుగులోంచి ఎలకను బయటికి రప్పించే యానాది తాతకు గాలి ఎటు పోతాదో తెలుసు. ఎరుకల అవ్వ అల్లే బుట్టలో జ్యామితి ఉంది. వీళ్లలో ఒక్కరినన్నా బడి ఏనాడైనా కుర్చీ వేసి పిలిచిందా? కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసి, ఈ కులాల చేతుల్లో ఉన్న శాస్త్రాన్ని వరసగా చూపించాడు. అట్లాంటి పుస్తకం ప్రతి ప్రాథమిక బళ్లో తెలుగులో ఉండాలి.

ఇరవై లక్షలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన గూడూరు చుట్టూ ఉన్న సరుకుతోనే పాఠం మొదలు పెట్టొచ్చు. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ఓడలెక్కి విదేశాలకు పోయింది. దాన్ని పొరలు పొరలుగా విడదీసినవి మన ఆడోళ్ల చేతులే. ఆ పొరను ఇస్త్రీ పెట్టెలో ఎందుకు పెడతారు? రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు, మూరెడు వైరు చాలు. వైరు మధ్యలో రూపాయి బిళ్ల పెడితే బల్బు వెలుగుతాది. అభ్రకం పొర పెడితే ఆరిపోతాది. కరెంటును పోనీయదు, వేడికి కాలదు, అందుకే పెట్టారని పిల్లలే తేల్చుకుంటారు.

గూడూరు నిమ్మకాయల మార్కెట్టు అందరికీ తెలిసిందే. కాయలు కోసే తల్లి చేతులు చూడండి, ముళ్లు గీరిన గీతలే. అయిదో తరగతికి ఇదే పాఠం. ముందు పిల్లలు అమ్మను అడగాలి: ముల్లు ఎక్కడ గుచ్చుకుంటాది? కొమ్మ ఎంత ఎత్తు? తర్వాత నోటుబుక్కులో దోటి బొమ్మ గీయాలి. కర్ర ఎంత పొడుగు, తీగ చుట్టు ఎంత వెడల్పు, కింద పాత వలగుడ్డ సంచి ఎంత లోతు? కాయ చుట్టూ దారం చుట్టి కొలవాలి. అదే లెక్కల పాఠం. చేశాక చెట్టు దగ్గర పరీక్ష పెట్టాలి. కాయ సంచిలో పడక పక్కన రాలితే ఎందుకు రాలిందో మాట్లాడుకుని చుట్టు మార్చాలి. అట్టముక్కకు మూడు సైజుల రంధ్రాలు చేస్తే కాయల్ని సైజు వారీగా వేరుచేసే జల్లెడ అవుతాది. తన తల్లి కష్టాన్ని తగ్గించే వస్తువును తనే గీసి, తనే చేసిన బిడ్డ ఇంక ఏ ఇంజినీరు ముందూ తల దించదు.

రెండు జాగ్రత్తలు ఉండాలి. పిల్లలు చేసింది అమ్మకానికి పోకూడదు, వార్ధా దారి మనకొద్దు. ఏ పనీ ఒక కులానికో, ఆడపిల్లలకో, మగపిల్లలకో కేటాయించకూడదు. మగపిల్లోడు సూది పట్టాలి, ఆడపిల్ల సుత్తి పట్టాలి, అందరి బిడ్డలూ తోలు ముట్టాలి.

తల్లులారా, అన్నల్లారా! 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అందులో మన వర్గాలకు మన పిల్లల సంఖ్యను బట్టి చోటు ఇవ్వాలి. సగం మంది ఆడోళ్లు ఉండాలి. వేలిముద్ర వేసి వచ్చేయకండి. ఈసారి మీటింగులో ఈ నాలుగు మాటలు అడిగి మినిట్సు బుక్కులో రాయించండి:

ఒకటి, పని విద్య పీరియడ్లో ఊడ్పు, కడుగుడు ఆపాలి.

రెండు, ఆ పీరియడ్లో వారానికి ఒక్కటైనా గీసి, కొలిచి, చేసి, పరీక్షించే పాఠం జరగాలి.

మూడు, చెప్పులు కుట్టే తాతనూ, బుట్టలు అల్లే అవ్వనూ, మోటారు బాగుచేసే తమ్ముడినీ బడికి పిలిచి, కుర్చీ వేసి, పాఠం చెప్పించాలి. వాళ్ల పొద్దుకు కూలి కట్టివ్వాలి.

నాలుగు, కత్తెర, స్కేలు, దారం, సెల్లులు, వైరు, అట్టలు బడి నిధుల్లోంచి కొనాలి.

మన తాతల చేతులు ఈ ఊరికి చెప్పులు తొడిగాయి, గోడ కట్టాయి, గని తవ్వాయి. గీత గీసే అధికారం మాత్రం ఆ చేతులకు ఇవ్వలేదు. గీసేవాడొకడు, మోసేవాడొకడు అనే ఈ లెక్క ఒకటో తరగతిలోనే చెరిగిపోవాలి. కొలబద్ద మన పిల్లల చేతికి రావాలి. రాకపోతే అడిగి తెచ్చుకుందాం.