పాడువారు కరవైరి, వినువారు మిగిలిరి

మన సంఘముల వార్షికోత్సవములెట్లు జరుగుచున్నవో ఈ సంచికను చదువువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. చందాలు వసూలగును. కల్యాణమండపము కుదురును. చెన్నపట్టణమునుండియో బెంగుళూరునుండియో పేరుపొందిన విద్వాంసులొకరు విచ్చేసి, రెండున్నర గంటలు పాడి, శాలువ కప్పించుకొని, రాత్రి బండికే మరలిపోవుదురు. మనము కరతాళధ్వనులు చేసి యిండ్లకు పోవుదుము. మఱునాడు మన యిండ్లలో పాట యుండదు. మఱుసటి యుత్సవమువఱకును ఉండదు. దీనిని మన కార్యవర్గములు నివేదికలలో సంగీతసేవ యని వ్రాసికొనుచున్నవి. నలువది యేండ్లు పద్దులు వ్రాసిన మాకు ఇది కొనుగోలు పద్దుగనే కనబడుచున్నది.

కడచిన వేసవికి ముందు మేము కొందఱు మిత్రులతో గూడి, మా ప్రాంతమందలి యొక సంఘము కార్యవర్గమునకు ఒక యర్జీ సమర్పించితిమి. తమిళనాడు, కర్ణాటకము, ఒడిశా, మహారాష్ట్రము అన్నింటను బడులకు సెలవులుండు మే మాసమున, పది దినములపాటు కొండమీద గానవిడిది యొకటి యేర్పఱుపవలెనని అందు కోరితిమి. వచ్చువారు సంగీతము వృత్తిగా లేనివారు: గుమాస్తాలు, బడిపంతుళ్లు, దుకాణదారులు, గృహిణులు, వారి పిల్లలు. శ్రోతలకు ప్రవేశము లేదు. వచ్చినవారెల్ల పాడవలసినవారే, లేదా వాయింపవలసినవారే. ఇద్దఱు విద్వాంసులు పది దినములును వారితోడనే యుండి తప్పులు దిద్దవలెను. ప్రాతఃకాలమున స్వరసాధన, పగటిపూట సాహిత్యపఠనము, సాయంకాలమున గోష్ఠి. స్థలము, మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న హార్స్‌లీ కొండ. ఆ దొర పేరు రాకమునుపు దానిని ఏనుగు మల్లమ్మ కొండ యనెడివారు. మాకు ఆ పేరే యిష్టము. ఎత్తు 1,250 మీటర్లకు మించును. ఎండకాలమున గొంతు ఎండిపోక నిలుచు చోటు. వేలూరు, హోసూరు, కోలారు, బెంగుళూరుల వారికి ఒక్క పగటి ప్రయాణము.

“అపస్వరముల సంతకు కొండ యెక్కవలయునా?” అని యొక సభ్యులు పరిహసించిరి. తక్కినవారు నవ్విరి. అర్జీ బల్లసొరుగున జేరినది. ఆ నవ్వునకు బదులు చెప్పుటకే యీ వ్యాసము.

అపస్వరము నేరమైనచో తొలిపాఠము చెప్పించుకొన్న ప్రతి శిశువును నేరస్థుడే. సంగీతమును విద్వాంసులకే విడిచిపెట్టవలెనని వాదించువారు త్యాగరాజస్వామి (1767–1847) పేరు చెప్పి మన నోరు మూయింప జూతురు. ఇది మిక్కిలి విచిత్రము. పంచరత్నములను రచించిన యా మహనీయుడే దివ్యనామ కీర్తనలను, ఉత్సవసంప్రదాయ కీర్తనలను రచించెను. దివ్యనామ కీర్తనలలో చరణములు పెక్కు. వానికి వర్ణమెట్టు సాధారణముగ ఒక్కటే. ఒకరు ఎత్తుకొనగా పదుగురు అందుకొనుటకు గాక ఆ యేర్పాటు మఱి దేనికి? గమకము పలుకని గొంతుకు గూడ ఆ గోష్ఠిలో చోటున్నది. మన తాతలనాడు రామదాసు కీర్తనలు పాడినవారు పొలమునుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, భజనమందిరమున గూర్చుండినవారు. రాయలసీమలో చెక్కభజన చేయువారికి ఏ సంగీతసభయు యోగ్యతాపత్రము నీయలేదు.

పాడు హక్కు ఎవరిది యను తగవు తిరువయ్యారులోను పాతదే. స్వామి సమాధికి మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారికే (1878–1952), స్త్రీ యను కారణమున, అచట పాడుటకు అడ్డు చెప్పినవారుండిరి. ఆమె వెనుదీయక స్త్రీల గోష్ఠిని వేఱుగ నడపిరి. నేడు పుష్య బహుళ పంచమినాడు ఆ పంక్తులలో స్త్రీలు కూర్చుండి పంచరత్నములు పాడుచున్నారు. అచట గొంతు కలుపు వందలమందిలో అందఱును విద్వాంసులేనా యని మా కార్యవర్గ సభ్యులు ఒక్కమాఱు పోయి చూచివత్తురుగాక.

ఇట్టిది లోకమున నెక్కడనైన నున్నదా యని యడిగినవారును గలరు. ఉన్నది. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు కొండసీమయందు 1946లో ఇట్టి వేసవి కూటమి మొదలై, అచటి బెన్నింగ్టను కళాశాలలో దశాబ్దములు సాగినది. పగలు వైద్యమో వ్యాపారమో చేసికొనువారు, ఏటికొకమాఱు తమ ఫిడేళ్లతో వచ్చి, నలుగురైదుగురు ఒక గదిలో గూర్చుండి, వృత్తికళాకారులు తప్పులు దిద్దుచుండగా వాయించుకొందురు. 1947లో ఆ దేశముననే అభ్యాసకులకై యొక సంఘమేర్పడి పేళ్లపట్టిక ప్రకటించెను. తమ స్థాయి ఉత్తమమా, మధ్యమమా, సామాన్యమా యన్నది ఎవరిది వారే అందు వ్రాసికొందురు. ఏ యూరికి పోయినను పట్టిక చూచి తమకు దగిన తోడును వెదకికొందురు. సామాన్యమని వ్రాసికొనుటకు వారికి సిగ్గు లేదు. మనకు అపస్వరమన్న భయము. ఆ భయమున నోరే విప్పము.

మాకు గల యసలు బాధ యింకను చెప్పలేదు. మా మనుమరాలు పండ్రెండు కృతులు పాడును. ఇంటి తలుపుమీద తెలుగున వ్రాసియున్న మా పేరును చదువలేదు. తమిళనాట మన పిల్లలు పెక్కుమంది కృతులను తమిళలిపిలో వ్రాసికొని నేర్చుచున్నారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికి అక్షర మొక్కటే. గానమని వ్రాసినను, కానమని వ్రాసినను కంటి కొక్కటే. అచ్చు పుస్తకములవారు ప్రక్కన 2, 3, 4 అను చిన్న యంకెలు వేసి దారి చూపుదురు. పిల్లలు చేతివ్రాతలో వానిని విడిచిపెట్టుదురు. బరంపురమున ఒడియాలిపిలోను, షోలాపురమున నాగరిలోను వ్రాసికొనువారికి చిక్కు వేఱు: అచట ఎ, ఏలకును ఒ, ఓలకును భేదము లేదు, కొండ పోయి కోండ యగును. కన్నడలిపిలో ఈ లోపములు లేవు గాని, అక్షరము సరియైనంతమాత్రాన అర్థము తెలియదు గదా. కచ్చేరీకి వచ్చిన విద్వాంసులు అనుపల్లవిలో ఆగి, ఈ పదమున కిది యర్థమని మన పిల్లలకు చెప్పుదురా? వారి పని యది కాదు. కొండమీద పగటిపూట ఆ పనికే యుంచితిమి. పాట ముందే నోటికి వచ్చిన పిల్లకు అక్షరము చూపుట సులువు. ఏ శబ్దము వెనుక ఏ శబ్దము వచ్చునో దానికి ముందే తెలిసియుండును.

ఆ కొండనే యేల కోరితిమనగా, చల్లదనమొక్కటే కారణము కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు దాని క్రిందనున్న మదనపల్లెకు వచ్చి, థియొసాఫికల్ కళాశాలలో కొన్ని దినములుండిరి. ఒక సాయంకాలమున వారు ‘జనగణమన’ పాడగా, కూడిన విద్యార్థులు పల్లవిని ఉత్సాహముతో అందుకొనిరి. ప్రధానాచార్యుల భార్య మార్గరెట్ కజిన్స్ ఆ స్వరములను కాగితముపై బెట్టిరి. ఆ గేయమునకు ఆంగ్లానువాదమును ఠాకూరు ఆ యూరనే చేసిరి. ఆ సాయంకాలమున పాడిన పిల్లలలో విద్వాంసులెందఱు?

ఇక వ్యయము మాట. ఒక్క పెద్ద కచ్చేరీకి మండపమునకు, ప్రయాణములకు, పందిరికి, పూలకు మా సంఘము వెచ్చించిన సొమ్ముతో నలువదిమందికి పది దినములు సాదా భోజనమును, ఇద్దఱు గురువులకు మర్యాదగల సంభావనయు సరిపోవునని మేము అంచనా వేసి చూపితిమి. ఆ యంచనాలో తప్పు పట్టినవారు లేరు. విద్వాంసులకు అవమానమన్నారు. మూడు గంటల పాటకు పిలిచి చీటీలు పంపి ఫలానా రాగము పాడుమనుటకంటె, పది దినములు గురుస్థానమున గూర్చుండబెట్టుట అవమానమెట్లగునో మాకు తెలియలేదు.

దూరమువారు తమ దగ్గఱి కొండలను చూచుకొనవచ్చును. బరంపురమువారికి దారింగిబాడి కలదు. యానామువారు అరకు పోవచ్చును. షోలాపురము, ముంబయి వారికి మహాబలేశ్వరమున్నది. కొండ యేదైనను నియమములు రెండే: శ్రోతగా ఎవరును రారాదు, పాటల పుస్తకము తెలుగులిపిలోనే యుండవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఆ యర్జీనే మఱల సమర్పించుచున్నాము. ఈమాఱు పదునేడుగురి సంతకములు గలవు. అందు ఆఱుగురు తమ పేళ్లను తెలుగున వ్రాయలేక తమిళమున వ్రాసిరి. వారిని మొదటి జట్టుగా తీసికొనిపోవలెనని కోరుచున్నాము.