సగటు ఎవరిది?

"అంకెలు అబద్ధం చెప్పవు. రికార్డులో ఉన్నదాన్నే కార్డు మీదకి ఎక్కిస్తాం, అంతే." పాత బేస్‌బాల్ హీరోల గొప్ప సీజన్లకి సొంతంగా ఆట కార్డులు తయారుచేసుకునే అభిమానుల దగ్గర ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. వాళ్లలో చాలామంది నాలాగే స్ప్రెడ్‌షీట్లు, చిన్నచిన్న ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు. లెక్క సరిగ్గా కుదిరితే న్యాయం కూడా జరిగిపోయినట్టేనని వీళ్ల నమ్మకం. ఆ నమ్మకంతోనే నా పేచీ.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఇవి ఆల్బంలో దాచుకునే బొమ్మల కార్డులు కావు, పాచికలతో ఆడే కార్డులు. మనం బళ్లో ఆడిన బుక్ క్రికెట్‌లో పేజీ నంబరుకి సచినెవరో, వెంకటపతి రాజెవరో తెలీదు. ఎవరి పేరు మీద పేజీ తెరిచినా ఒకే అదృష్టం. ఈ కార్డులు పుట్టింది ఆ లోటు తీర్చడానికే. హాల్ రిచ్‌మన్ అనే అమెరికన్ 1961లో అమ్మకానికి పెట్టిన 'స్ట్రాట్-ఓ-మ్యాటిక్' ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. అతని అసలు సీజన్ ఎలా గడిచిందో ఆ కార్డు మీది అవకాశాలు అలా ఉంటాయి. మూడు పాచికలు వేస్తారు. ఒకటి 1 నుంచి 3 దాకా పడితే ఫలితం బ్యాటర్ కార్డులో చూస్తారు, 4 నుంచి 6 పడితే పిచర్ కార్డులో. మిగతా రెండు పాచికల మొత్తం ఏ వరుసలో చూడాలో చెబుతుంది. మొత్తం 216 అవకాశాలు. అందులో సగం, అంటే 108, బ్యాటర్‌వి. సగం పిచర్‌వి.

ఇప్పుడు టెడ్ విలియమ్స్ 1941 సీజన్‌కి కార్డు చేద్దాం. బ్యాటింగ్ సగటు 0.406. ఆ తర్వాత అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ పూర్తి సీజన్ ఆడి 0.400 దాటినవాడు లేడు. 606 సార్లు బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు, 185 హిట్లు కొట్టాడు. 216 అవకాశాల లెక్కలోకి మారిస్తే దాదాపు 66 హిట్లు. కానీ ఆ 66నీ అతని కార్డు మీద వేసెయ్యలేం. సగం పాచికలు పిచర్ కార్డు మీదకే పోతాయి కదా, అక్కడా కొన్ని హిట్లు ఉంటాయి. ఆ ఏడాది లీగ్‌లో సగటు పిచర్ కార్డు సుమారు 25 హిట్లు ఇస్తుందనుకుంటే, విలియమ్స్ కార్డు మీద మిగిలేవి 41.

ఇక్కడ ఆగి చూడండి. ఆ 25 విలియమ్స్‌ది కాదు. అది లీగ్ సగటు. 1941లో ఆ లీగ్‌లో నల్లజాతి పిచర్ ఒక్కడూ లేడు, ఉండనివ్వలేదు. సాచెల్ పెయిజ్ అప్పటికే దేశమంతా పేరున్న పిచర్. అయినా అమెరికన్ లీగ్‌లోకి అడుగుపెట్టింది 1948లో, 42 ఏళ్ల వయసులో. ఆ వయసులో కూడా క్లీవ్‌లాండ్ తరఫున 6 గెలిచి ఒక్కటే ఓడాడు. అలాంటివాళ్లని బయటే నిలబెట్టి తీసిన సగటు ఆ 25. పక్షపాతం విలియమ్స్ హిట్లలో లేదు, మనం తీసివేసిన అంకెలో ఉంది. ఎవరూ దాని జోలికి పోరు, ఎందుకంటే కార్డు మీద అది కనపడదు.

ఇదే బల్ల మీదకి జాష్ గిబ్సన్ 1943 కార్డుని తెచ్చేసరికి అందరికీ హఠాత్తుగా అనుమానాలు మొదలవుతాయి. నీగ్రో లీగ్స్‌లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకి ఆడిన క్యాచర్ గిబ్సన్. ఆ లీగుల్ని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబరులో తనతో సమానంగా గుర్తించింది. 2024 మే నెలలో వాటి లెక్కల్ని అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో 1943లో గిబ్సన్ సాధించిన 0.466 ఒక సీజన్‌లో అత్యధిక సగటు అయింది. కెరీర్ సగటులో కూడా టై కాబ్‌ని దాటి మొదటి స్థానానికి వచ్చాడు. వెంటనే అభ్యంతరాలు: మ్యాచులు తక్కువ, రికార్డులు అసంపూర్ణం, ఎదురుగా ఎలాంటి పిచర్లున్నారో తెలీదు. చివరగా, "ఆటలోకి రాజకీయాలు తేకండి బాబూ."

మంచిదే. మరి వీళ్లు మిగతా కార్డులు ఎలా చేస్తున్నారో చూద్దాం. 1968లో బాబ్ గిబ్సన్ (జాష్‌కి చుట్టం కాదు) తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. అది పిచర్ల ఏడాది. మరుసటి ఏడు పిచర్ నిలబడే దిబ్బ ఎత్తుని 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. ఇది తెలిసినవాళ్లు 1968 అంకెల్ని సర్దుతారు. డెన్వర్ ఊరు ఎత్తులో ఉంది, గాలి పల్చన, బంతి దూరం పోతుంది. దానికీ సర్దుతారు. అయిదంగుళాల మట్టికి లెక్క కట్టొచ్చు, పల్చని గాలికి లెక్క కట్టొచ్చు. తలుపు మూసి కొందరిని బయట ఉంచినందుకు మాత్రం లెక్క కట్టకూడదు, కడితే రాజకీయమా?

మ్యాచులు తక్కువనే మాటకి విలువుంది, కాదనను. చిన్న నమూనాలో అంకెలు అటూఇటూ ఎగురుతాయి. దానికి మందు కూడా అందరికీ తెలుసు, అంకెని కొంత సగటు వైపు లాగడం. కానీ 2020లో కోవిడ్ వల్ల ఒక్కో జట్టుకి 60 మ్యాచుల సీజనే పెట్టారు. ఆ ఏటి ఆటగాళ్లకి కార్డు వద్దని ఎవరూ అనలేదు. లాగితే ఇద్దరినీ లాగండి.

ఎదురుగా ఎవరున్నారో తెలీదన్నదే అసలైన చిక్కు. ఒక థర్మామీటరు ఒక గదిలో, ఇంకోటి పక్క గదిలో ఉన్నాయి. రెండింటి సున్నా ఒకటేనా? రెండు గదుల్లోనూ ఉన్నవాళ్లని అడగాలి. అలాంటివాళ్లున్నారు. జాకీ రాబిన్సన్, లారీ డోబీ, రాయ్ కాంపనెల్లా, మాంటీ ఇర్విన్, పెయిజ్ అక్కడా ఆడారు, ఇక్కడా ఆడారు. వాళ్ల అంకెలు రెండు లీగుల మధ్య ఎంత మారాయో చూసి సున్నాలు కలపొచ్చు. వయసు తేడాకి కొంత సర్దాలి, ఫలితం ఒక్క అంకెగా కాక ఒక హద్దుగా వస్తుంది. రానివ్వండి. ఆ లెక్క గిబ్సన్ కార్డుని తగ్గిస్తే తగ్గించనివ్వండి. నేను ఒప్పుకోనిది లెక్కే కట్టకపోవడాన్ని.

అటువైపు భక్తులతోనూ నాకు తగువుంది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో గిబ్సన్ ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లని రాసుంది. అందులో లీగ్ ఆటలు మాత్రమే కాదు, ఊరూరా తిరిగి ఆడినవీ ఉన్నాయి. దొరికిన లీగ్ మ్యాచుల బాక్స్ స్కోర్లలో లెక్క తేలినవి 200 లోపే. 800 పట్టుకుని కార్డు చేసేవాడు గిబ్సన్‌ని గౌరవించట్లేదు. 'పిట్స్‌బర్గ్ కొరియర్', 'షికాగో డిఫెండర్' లాంటి నల్లజాతి పత్రికల పాత సంచికల్లోంచి ఒక్కో బాక్స్ స్కోరూ ఏరి తెచ్చిన పరిశోధకుల ఏళ్ల కష్టాన్ని చెత్తబుట్టలో వేస్తున్నాడు. పురాణం కట్టాల్సిన అవసరం లేదు, దొరికిన అంకెలే చాలు.

రాబర్ట్ కూవర్ 1968 నాటి నవలలో హెన్రీ వా అనే గుమస్తా వంటింటి బల్ల మీద పాచికలతో ఒక బేస్‌బాల్ లీగ్ మొత్తం నడుపుతాడు. అతని ఆటగాళ్లందరూ అతను కల్పించినవాళ్లే. పాచిక తప్పుగా పడితే ఏడవాల్సిందీ అతనొక్కడే. మన బల్ల మీద ఉన్నవాళ్లు బతికిన మనుషులు. జాష్ గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్లకి చనిపోయాడు. జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున మొదటిసారి మైదానంలోకి దిగింది ఆ ఏప్రిల్‌లో. మధ్యలో మూడు నెలలు. వాస్తవంలో జరగనివ్వని ఆటని ఆడి చూసే వీలు కార్డుల్లో ఉంది. అక్కడ కూడా తలుపు మూసేస్తే ఈ కళ ఎందుకు?

ఈ సంగతి టెడ్ విలియమ్స్‌కి తెలుసు. 1966లో తనని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్న రోజున, సొంత గొప్ప చెప్పుకోవాల్సిన వేదిక మీద, పెయిజ్, గిబ్సన్‌ల పేర్లెత్తి వాళ్లూ ఇక్కడుండాలన్నాడు. పెయిజ్‌ని 1971లో, గిబ్సన్‌ని 1972లో చేర్చుకున్నారు. విలియమ్స్ రికార్డుని కాపాడుతున్నామనుకునేవాళ్లు ఆయన మాటొకసారి వినాలి.

నేనడిగేది పెద్దదేం కాదు. కార్డు వెనక ఖాళీ ఉంటుంది, అక్కడ నాలుగు లైన్లు రాయండి: ఏ లీగ్ సగటు తీసివేశారు, ఆ లీగ్‌లో ఆడనివ్వనిది ఎవర్ని, ఎన్ని మ్యాచుల లెక్క దొరికింది, దేనికి ఎంత సర్దారు. గిబ్సన్ కార్డు వెనక రాయండి. అవే నాలుగు లైన్లు, అదే సైజు అక్షరాల్లో, విలియమ్స్ కార్డు వెనకా రాయండి. రాయడం ఇష్టం లేకపోతే మానెయ్యండి, మీ కార్డులతో మీరు ఆడుకోండి. కానీ మేం అంకెలు మాత్రమే ఎక్కించామని ఇక చెప్పకండి.