దివాలా తీసినవాడికి గూడు వద్దా?

వ్యాపారం దెబ్బతిని అప్పులపాలైన ముస్లిం కుటుంబం అద్దె ఇంటికోసం రెండు గోడలు దాటాలి. మొదటిది పేరు. అది వినగానే, ఇల్లు ఇచ్చేశామంటారు. రెండవది అడ్వాన్సు. ఈ రెండో గోడ కట్టినవారిలో మన సోదరులూ ఉన్నారు.

కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. రాష్ట్రాలు తమ శాసనంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. అందుకై మనం పోరాడవలసిందే. అంతవరకు ఆ కుటుంబం ఎక్కడ తలదాచుకోవాలి?

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను దివ్య ఖుర్ఆన్ (తౌబా 60) స్పష్టంగా చేర్చింది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వమని బఖరా సూరా 280వ ఆయత్ ఆదేశిస్తున్నది. మరి మన కమిటీలు రమజానులో రేషన్ కిట్లు పంచి చేతులు దులుపుకోవడమేమిటి?

ప్రతి మసీదు కమిటీ జకాత్ నుండి ఇటువంటివారి అద్దె బాకీలు తీర్చాలి. అడ్వాన్సుకు వడ్డీలేని అప్పు ఇచ్చే నిధిని విరాళాలతో ఏర్పరచాలి. ఇళ్లున్న సోదరులు అడ్వాన్సును నెలనెలా కొంచెం కొంచెంగా తీసుకోవాలి. పేరు చూసి తలుపు వేసేవారిని తప్పక నిలదీద్దాం. జేబు చూసి తలుపు వేసే మనవారినీ అదే గొంతుతో నిలదీద్దాం.