పరీక్ష ఉదయం, ఖాళీ కడుపు

డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న తమ కుమార్తెను గురించి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి చదువుకుంటుంది. టిఫిను తింటే నిద్ర వస్తుందని కప్పు టీ మాత్రం త్రాగి పరీక్షకు వెళుతుంది. ప్రశ్నపత్రం చేతికి వచ్చేసరికి రాత్రి చదివినది కూడా గుర్తుకు రావడం లేదట. “గ్లూకోజు పొడి కొని పంపమంటారా?” అని అడిగారు.

అమ్మా, ఆ పొడి సంగతి కాసేపు ప్రక్కన పెడదాం. మన శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే. కాని ఊరక కూర్చున్నప్పుడు మనకు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు దానికి కావాలి. తనదంటూ చెప్పుకోదగ్గ నిలువ లేదు, ఎప్పటికప్పుడు రక్తం తెచ్చి ఇవ్వవలసిందే. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్న పిల్లకు తెల్లవార్లూ గ్లూకోజు అందించేది కాలేయం. ఉదయానికి ఆ నిలువ బాగా తరిగిపోతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో శరీరం కొత్తగా గ్లూకోజు తయారుచేసుకుని రక్తంలో మట్టం పడిపోకుండా కాపాడుతుంది. కనుక ఒక పూట టిఫిను మానినంత మాత్రాన చదివినదంతా చెరిగిపోదు. (నాలుగింటికి లేచే పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నదో మీరు వ్రాయలేదు. చదివినది మనసులో కుదురుకునేది నిద్రలోనే. నా అనుమానం మొదట దానిమీదే.)

అలాగని టిఫిను మానమని కాదు. అమెరికాలో పాల్ గోల్డ్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో ఎలుకలపై చేసిన పరిశోధన ఒకటి ప్రచురించింది. ఎలుకలను చిక్కుదారుల్లో వదిలినప్పుడు, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో గ్లూకోజు తగ్గింది. దారి కష్టమైనప్పుడు ఇంకా ఎక్కువగా తగ్గింది. మనుషుల్లో కూడా గ్లూకోజు పానీయం ఇచ్చి చూశారు. ముసలివారికి జ్ఞాపకం కొంత మెరుగుపడింది. కాలేజీ విద్యార్థుల్లో ఆ మేలు ముఖ్యంగా కష్టమైన పరీక్షల్లో కనిపించింది. అయితే మోతాదు పెంచితే ఆ మేలు కూడా పోతుంది!

కాబట్టి పరీక్షకు గంట ముందు రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు చాలు. అదీ దొరకకపోతే అరటిపండు, గుప్పెడు వేరుశనగపప్పు. నిద్ర తెప్పించేది నూనె ఓడే నాలుగు పూరీలు గాని ఇడ్లీ కాదు. పరీక్ష రోజున ఉపవాసముండే పిల్లలు దానిని మరో దినానికి మార్చుకుంటే మంచిదని నా అభిప్రాయం.

ఉత్తరం చివర మీరు ఇంకో వాక్యం వ్రాశారు. అమ్మాయి గదిలోనే ఉండే స్నేహితురాలు ఇన్సులిన్ తీసుకుంటుందనీ, భోజనం ఆలస్యమైతే చిరాకుపడి తలా తోకా లేకుండా మాట్లాడుతుందనీ. అది కోపం కాకపోవచ్చు. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. 54 కంటే తగ్గితే ఆలోచనే సాగదు. చదివిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటారు. ఆ పిల్ల ఎట్టి పరిస్థితిలోనూ టిఫిను మానకూడదు, ఉపవాసముండకూడదు.

మీరడిగిన గ్లూకోజు పొడి కొనండి, కాని ఆ గదిలో ఆమె కోసం ఉంచండి. చక్కెర తగ్గిన గుర్తులు కనబడితే మూడు చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలాగి రక్తపరీక్ష చేయాలి. ఇంకా తక్కువగా ఉంటే మళ్లీ ఇవ్వాలి. కుదుటపడ్డాక ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయరాదు, ప్రక్కకు పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు తీసుకువెళ్లనిస్తారా అన్న సందేహం ఉంటుంది. మధుమేహం ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్షలకు వాటిని వెంట తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే అనుమతించింది. ఆమె తల్లిదండ్రులు డాక్టరు ఉత్తరంతో ప్రిన్సిపాలుగారిని పరీక్షలకు ముందే కలిసి మాట్లాడితే మంచిది.