నోరున్నవాడే నాయకుడా?

ఈమధ్య ఏ బడిలో పేరెంట్స్ మీటింగుకు పోయినా ఒకటే మాట. "పాప బాగానే చదువుతుందమ్మా, కానీ నోరు విప్పదు. లీడర్‌షిప్ క్వాలిటీస్ లేవు." ఇంట్లోనూ అంతే. చుట్టాల ముందు గలగలా మాట్లాడే పిల్లోడు కలెక్టర్ అవుతాడంట, తలుపు చాటున నిలబడే పిల్ల ఎట్లా బతుకుతుందో ఏమోనంట! నిండుకుండ తొణకదని సామెత చెప్తూనే, తొణికే కుండకు దండలేస్తున్నాం.

ఈ లెక్క తప్పనడానికి మా నంద్యాలే సాక్ష్యం. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి పార్లమెంటు సభ్యుడు కూడా కాదు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే, ప్రధాని తెలుగువాడని ఎన్టీ రామారావు తన పార్టీ అభ్యర్థిని పెట్టలేదు. మా జనం 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిపించారు.

ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు చైతన్యరథం ఎక్కి గొంతెత్తితే జనం ఊగిపోయేవాళ్లు. ఇంకొకరు విశ్వనాథ 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించిన పుస్తకాల మనిషి, పెదవి కదిపితేనే వార్త. ఇద్దరూ నాయకులే. రెండో ఆయన పూర్తి మెజారిటీ లేకుండా మొదలైన ప్రభుత్వాన్ని అయిదేళ్లు నడిపాడు. ఆర్థికశాఖను తనలాగే తక్కువ మాట్లాడే మన్మోహన్ సింగ్‌కు అప్పజెప్పి దేశం దారే మార్చాడు.

"ఆ మౌనం వల్లే కదా 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది?" అంటారు. ఆ రోజు ప్రభుత్వం మీద వచ్చే విమర్శను నేను కొట్టిపారేయను. కానీ అక్కడ నేరం తక్కువ మాట్లాడటం కాదు, సమయానికి చెయ్యాల్సింది చెయ్యకపోవడం. ఆ తప్పు గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చేవాళ్లూ చేస్తారు.

అమెరికాలో ఆడమ్ గ్రాంట్ బృందం పిజ్జా దుకాణాలను పరిశీలించి 2011లో ఒక సంగతి రాసింది. పనివాళ్లు చెప్పింది చేసే రకమైతే కలుపుగోలు మేనేజర్ కింద లాభం ఎక్కువ. వాళ్లే ముందుకొచ్చి సలహాలు చెప్పే రకమైతే నెమ్మదస్తుల కింద లాభం ఎక్కువ. ఎందుకంటే నెమ్మదస్తులు ఎదుటివాళ్ల మాట వింటారు.

అందుకే టీచరమ్మలకు, సాటి తల్లులకు ఒకటే మనవి. క్లాస్ లీడర్‌ను ఎంచుకునేటప్పుడు పిల్లలు ఎవరి మాట వింటారో చూసి ఆగిపోకండి. పిల్లల మాట ఎవరు వింటారో కూడా చూడండి. మాట్లాడని పిల్లకు మైకిచ్చి ఏడిపించొద్దు. ఒక పని అప్పజెప్పి, తర్వాత మార్కులు వెయ్యండి.