సర్కారువారూ అర్జీ పెట్టుకోవాలి

చెరువు గట్టున ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం ఉందనుకోండి. ఊరు పెరిగింది, మురుగు పెరిగింది, కేంద్రాన్నీ పెంచాలి. పక్క స్థలమేమో మాస్టర్ ప్లాన్‌లో పరిరక్షణ ప్రాంతం. భూవినియోగం మార్చమని ప్రభుత్వ శాఖే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాలి. హైదరాబాదు చెరువుల దగ్గర తలెత్తే ప్రశ్నే ఇది. "ప్రజల పనే కదా, మళ్ళీ అనుమతులేమిటి?" అంటారు కొందరు. "చెరువు దగ్గర అసలేదీ వద్దు" అంటారు మరికొందరు. ఈ రెండు వాదాలూ సగం సగమే నిజం.

రెండో వాదం ముందు చూద్దాం. నీరు పల్లమెరుగు; మురుగూ అంతే. చెరువు ఉండేది పల్లంలో కనుక కాలువలన్నీ అక్కడికే చేరతాయి. కేంద్రాన్ని మెట్ట మీద కడితే మురుగును పంపులతో ఎత్తిపోయాలి. పంపులు ఆగిన రోజున మురుగంతా మళ్ళీ చెరువు పాలే. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు మోసుకొచ్చిన మురుగు 16వ శతాబ్దపు హుస్సేన్‌సాగర్‌ను ఏ గతికి తెచ్చిందో మనకు తెలియనిది కాదు. 2021లో నగరానికి 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేసింది ఈ అవసరం కొద్దే.

అవసరముంది గనుక నిబంధన అక్కర్లేదా? 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు నిండు నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్ల లోపల, వినోద సదుపాయాలకు తప్ప, కట్టడాలు కూడవు. చెరువు హద్దుల్లో కట్టారని 2024లో హైడ్రా వారు ఎన్నో కట్టడాలు కూల్చడం చూశాం. పౌరుడికి బుల్డోజరూ, శాఖకు ఒక్క సంతకమూనా? కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది!

ఈ విషయంలో సుప్రీంకోర్టు మనకొక పాఠం చెప్పింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111వ జి.వో. ఇచ్చింది ప్రభుత్వమే. మరుసటి ఏడే ఒక పరిశ్రమకు మినహాయింపు ఇచ్చిందీ ప్రభుత్వమే. ఆ మినహాయింపు చెల్లదని 2000 డిసెంబరులో తీర్పు వచ్చింది. అది ప్రైవేటు పరిశ్రమ కదా అనవచ్చు. కానీ తాగే నీటికి, పారే నీటికి యజమాని ఎవరో తెలియదు. అందులో ఏం కలిసిందో అదే తెలుస్తుంది.

కాబట్టి కేంద్రం పెరగాలి, కాని అడిగి పెరగాలి. పత్రిక మూలన సన్న అచ్చులో ఒక ప్రకటన వేసి "అభ్యంతరాలేవీ రాలేదు" అనుకుంటే అడిగినట్టు కాదు. నక్షాను తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. బస్తీవాళ్ళు అడిగేవాటికి జవాబు చెప్పాలి. చెరువు హద్దురాళ్ళు ఎక్కడున్నాయి? కరెంటు పోయినా, కుండపోత కురిసినా శుద్ధికాని నీరు ఎటు పోతుంది? మిగిలిన మడ్డి ఎక్కడ పోస్తారు? వాసన భరించే ఇళ్ళకు ఏం చేస్తారు? వీటికి సరైన జవాబున్న పథకానికి జనం అడ్డుపడరు. జవాబు లేని పథకానికి అనుమతి ఇవ్వకూడదు.

ఇందులో విద్యార్థులకేం పని అంటారా? సివిల్ చదివేవారు హద్దులు కొలవగలరు. కెమిస్ట్రీ వారు నీటిని పరీక్షించగలరు. లా విద్యార్థులు అభ్యంతరపత్రం రాయగలరు. ధర్నాకు వందమంది పోగవుతాం. గడువులోగా ఒక్క అభ్యంతరపత్రం దాఖలు చేయడానికి నలుగురం పోలేమా?